పదివేల ఒకటో ర్యాంకు

ప్రతిభను తూచే త్రాసు ఒకటి మన రాష్ట్రంలో వున్నదనీ, అందులో దొరబిడ్డా కూలిబిడ్డా ఒకే తీరున తూగుతారనీ నమ్మేవాళ్లు చాలామంది వున్నారు. ఆ త్రాసు పేరు నిన్నటిదాకా ఎంసెట్, 2024 నుంచి ఎప్‌సెట్. ఇట్లా నమ్మేవాళ్లంతా మన ఎదుటి పక్షంవాళ్లే అయితే నేనీ వ్యాసం రాయవలసిన అగత్యం లేదు. కానీ విద్యార్థి సంఘాల్లో పనిచేసేవాళ్లూ, జీవితమంతా ఎర్రజెండా మోసిన కార్మిక నాయకులూ, నాతోటి ఉపాధ్యాయులూ కూడా ర్యాంకు మాట వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. కూలిరేటును ప్రశ్నిస్తారు, బొగ్గు ధరను ప్రశ్నిస్తారు, ర్యాంకును మాత్రం ప్రశ్నించరు. "వాడు చదివాడు, వాడికొచ్చింది" అంటారు. రానివాడు చదవలేదన్నమాట! దేవుడి తీర్పును నమ్మనివాళ్లు కన్వీనరు తీర్పును ఇంత భక్తితో స్వీకరించటం నాకు వింతగా వుంటుంది.

నేను గోదావరిఖనిలో చాలాకాలంగా ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెబుతున్నవాణ్ణి. యైటింక్లైన్ కాలనీ నుంచీ, గాంధీనగర్ నుంచీ, గంగానగర్ నుంచీ, ఎన్టీపీసీ వైపు నుంచీ వచ్చే పిల్లలు. తండ్రులు కొందరు బాయిలో మస్టరు పడే పర్మనెంటు కార్మికులు. ఎక్కువమంది ఓపెన్‌కాస్టు గనుల్లో కాంట్రాక్టరు కింద మట్టి తోలేవాళ్లు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదివేలకు పైగా కార్మికులుండేవారు. నేడు ఆ సంఖ్య సుమారు 40 వేలు. తండ్రి పని కొడుక్కి వచ్చే వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు వున్నవి కారుణ్య నియామకాలు మాత్రమే. 2022లో సంస్థ 177 జూనియర్ అసిస్టెంటు ఉద్యోగాలకు ప్రకటన ఇస్తే దాదాపు లక్షమంది దరఖాస్తు పెట్టారు. ఇన్ని తలుపులు మూసుకున్నాక మిగిలిన ఒక్క తలుపు ముందు మా పిల్లలంతా వరుస కట్టారు. అంచేత మా ఊళ్లో ర్యాంకు అంటే చదువుకు సంబంధించిన మాట కాదు, బతుకుదెరువుకు సంబంధించిన మాట.

అసలీ పరీక్ష ఎందుకొచ్చింది? దుర్బుద్ధితో రాలేదు. డొనేషన్లకు సీట్లు అమ్ముకోవటాన్ని నిషేధించి, ఒకే పరీక్షతో ప్రవేశాలు జరపాలని 1983లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. డబ్బు సంచికి బదులు జవాబు పత్రం. ఆనాటికి అది ముందడుగే. దాన్ని సమర్థించినవాళ్లు సరైన పనే చేశారు. నా తగువు ఆ ముందడుగుతో కాదు. నలభై ఏళ్లలో డబ్బు సంచి మళ్లీ ఏ దారిన లోపలికి వచ్చిందో చూడకుండా, ఇంకా 1983లోనే నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లతో.

ముందు పరీక్ష సంగతి చూద్దాం. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో గణితానివి 80, భౌతికశాస్త్రానివి 40, రసాయనశాస్త్రానివి 40. అంటే సగం త్రాసు గణితమే; మార్కులు సమానమైతే ముందు గణితం మార్కులే చూస్తారు. ఒక్కొక్క ప్రశ్నకు దక్కే కాలం 67 సెకన్లన్నర. చదవటం, ఆలోచించటం, లెక్క కట్టటం, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచటం అన్నీ ఆ లోపలే. ఇది గణితమా? పాత రోజుల్లో బొగ్గు ఫిల్లర్లకు టబ్బుల లెక్కన కూలి కట్టేవాళ్లు. ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. పైకప్పు ఎట్లా వుంది, బొగ్గులో రాయెంత అని నిలబడి చూసేవాడు నష్టపోయేవాడు. ఆ టబ్బుల కూలినే మన పిల్లల బుర్రలకు అంటగట్టారు.

ఈ కూలికి తగిన పనితనమే తయారయింది. 1×2, 2×3, 3×4 ఇట్లా వరుసగా కొన్ని పదాలు కూడితే మొత్తమెంత అన్న ప్రశ్న వస్తుందనుకోండి. గణితానుగమన సిద్ధాంతం తెలిసినవాడు దాన్ని నిరూపిస్తాడు. శిక్షణ పొందినవాడు నిరూపించడు. పదాల సంఖ్య ఒకటి అనుకుంటాడు, మొత్తం 2. ఇచ్చిన జవాబుల్లో 2 రానివాటిని కొట్టేస్తాడు. ఇంకా రెండు మిగిలితే పదాలు రెండు అనుకుంటాడు, మొత్తం 8. అయిపోయింది, ఇరవై సెకన్లు. ఇది తెలివితక్కువ పని అనను, ఆ పరీక్షకు అదే తెలివి. కానీ ఆ పిల్లవాడికి గణితానుగమనం వచ్చని ఆ మార్కు చెబుతున్నదా? చెప్పదు. వాడికి ఆ ప్రశ్న నుంచి తప్పించుకోవటం వచ్చని మాత్రమే చెబుతున్నది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో గణితం చదవదలచినవాళ్లకు స్టెప్ అనే ప్రవేశ పరీక్ష ఒకటి వున్నది. మూడు గంటల కాలం, 12 ప్రశ్నలు. వాటిలో బాగా రాసిన ఆరింటికే మార్కులు. అంటే ప్రశ్నకు అరగంట. విద్యార్థి మెట్లు మెట్లుగా రాయాలి, రాసిందాన్ని మనిషి దిద్దుతాడు. ఫలితంగా ఇచ్చేది శ్రేణి, ర్యాంకు కాదు. ఆ విశ్వవిద్యాలయం శ్రామికుల స్వర్గమేమీ కాదు, దాని గుమ్మం ఎక్కలేనివాళ్లు ఆ దేశంలో కోట్లమంది. కానీ వాళ్లు ర్యాంకు జబ్బును అనుభవించి వదిలించుకున్నారు. ఒకప్పుడు అక్కడి ట్రైపాస్ పరీక్షలో మొదటివాడెవడు, రెండోవాడెవడు అని వరుస ప్రకటించేవారు. ఆ వరుస కోసం ప్రైవేటు మాస్టర్లు పుట్టుకొచ్చారు. రూత్ అనే ఒక మాస్టరు శిక్షణలో పాతికమందికి పైగా ప్రథములయ్యారు. 1909 తర్వాత ఆ వరుస ప్రకటించటం మానేశారు. అది పోవాలని పోరాడినవాళ్లలో హార్డీ ఒకడు. ఆయన ర్యాంకు రానివాడు కాదు, 1898లో నాలుగోవాడు. (హార్డీ పేరు రాగానే రామానుజన్ పేరు రావాలి. పరీక్ష తప్పిన మేధావిగా ఆయన్ను ప్రతి ఉపన్యాసంలోనూ వాడుకుంటున్నారు గనక నేను వదిలేస్తున్నాను. మన ప్రశ్న మేధావుల గురించి కాదు.)

"అర్హత" అనే మాట చూడండి. 160లో 40 మార్కులు, అంటే నూటికి పాతిక, తెచ్చుకున్నవాడు అర్హుడు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ కనీస నియమం లేదు. లేకపోవటాన్ని ఆక్షేపించే పెద్దమనుషులున్నారు. వాళ్లకోసం చిన్న లెక్క చెబుతాను. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు జవాబులు, తప్పుకు మార్కులు కోయరు. అక్షరమ్ముక్క రాని మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి 160 ప్రశ్నలకూ కళ్లు మూసుకుని నొక్కమంటే సగటున ఎన్ని సరి అవుతాయి? నాలుగో వంతు. అంటే సరిగ్గా 40! అట్లాంటి వందమందిని కూర్చోబెడితే సుమారు సగం మంది "అర్హులు" అవుతారు. 2024లో ఈ పరీక్ష రాసినవాళ్లలో నూటికి సుమారు 75 మంది అర్హులని ప్రకటించారు, పత్రికలు ఆ అంకెను పండుగలా అచ్చువేశాయి. ఈ అర్హత దేనికి? గణితం తెలిసినవాణ్ణి తెలియనివాడి నుంచి వేరు చేయటానికి కాదు. రాష్ట్రంలో లక్షకు పైగా ఇంజినీరింగు సీట్లున్నాయి. అవి నిండటానికి తగినంతమందిని గేటు లోపలికి వదలాలి. పాతిక శాతం అంటే ఆ గేటు వెడల్పు.

తప్పుకు మార్కు కోసే పరీక్ష దీనికన్నా నయం కదా అంటారు. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. నాలుగు జవాబులున్న ప్రశ్నలు నాలుగింటిని గుడ్డిగా కొడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. ఇంకా ఒకటి మిగులే. గుడ్డితనానికి అక్కడా కూలి గిడుతుంది, కాస్త తక్కువ.

ఇక తయారీ. ఇంటర్మీడియట్‌లో గణితం నాలుగు పత్రాలు: 1ఎ, 1బి, 2ఎ, 2బి. ఒక్కొక్కటి 75 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలు, నాలుగు మార్కులవి, ఏడు మార్కులవి. ఏడు మార్కుల ప్రశ్నకు రెండు పేజీలు రాయాలి. ఎక్కడ తప్పిపోయాడో దిద్దేవాడికి కనబడుతుంది, సగందాకా నడిచినవాడికి సగం మార్కులైనా వస్తాయి. దోషాలున్నా ఇది గణితం చెప్పటానికి వీలున్న పద్ధతి. పూర్వం ఎంసెట్ ర్యాంకులో ఈ మార్కులకు పాతిక శాతం వాటా వుండేది. కోవిడ్ కాలంలో ఆపారు, 2023లో తెలంగాణలో శాశ్వతంగా తీసేశారు. నేనేమీ ఆ పాతిక శాతానికి కన్నీరు కార్చను. కార్పొరేటు కళాశాలలు నూటికి తొంభై ఎనిమిదులు పండిస్తున్న కాలంలో ఆ వాటా ఎవరికి లాభమో తెలిసిందే. పైగా 2019 ఏప్రిల్‌లో ఆ బోర్డు ఫలితాలే ఎట్లా వచ్చాయో మరవలేదు. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక తప్పినవాళ్ల పత్రాలన్నీ తిరిగి చూశారు. వెయ్యిమందికి పైగా ప్యాసయ్యారు. అయితే ఆ వాటా పోవటంతో జరిగింది ఒకటున్నది. రెండేళ్లు తరగతి గదిలో బల్లమీద రాసి, రాయించి చెప్పే గణితానికి ప్రవేశాల బజారులో విలువ సున్నా అయింది. ఇంటర్‌లో ప్యాసైతే చాలు. "సార్, నిరూపణ వద్దు, ఆన్సరు ఎట్లొస్తదో చెప్పుండ్రి" అని పిల్లలడిగితే వాళ్లను తిట్టటానికి నాకు నోరు రాదు. వాళ్లు బజారు ధర చూసి మాట్లాడుతున్నారు.

శిక్షణ సంస్థల గురించి మనవాళ్లు రాసింది చాలు, నేను ఎక్కువ రాయను. ఒక్క విషయం చెప్పాలి. 1980లలో చుక్కా రామయ్యగారు హైదరాబాదు నల్లకుంటలో ఐఐటీ శిక్షణ మొదలుపెట్టారు. గణితం చెప్పటంలో ఆయన దీక్ష మీద నాకు గౌరవం వున్నది. అయితే ఆయన దగ్గర చేరటానికే ఒక ప్రవేశ పరీక్ష వుండేది. ఆ ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చే చోట్లు కూడా వెలిశాయి. దీనిలో కిటుకు గమనించండి. ముందే ఏరి తీసిన పిల్లలు తర్వాత నెగ్గితే అందులో శిక్షణ వాటా ఎంత, ఏరివేత వాటా ఎంత? ఎవరూ లెక్క కట్టలేరు. ఆయన దగ్గర అది ఒక ఉపాధ్యాయుడి ఎంపిక. ఆ తర్వాత వచ్చినవాళ్ల చేతిలో అది వ్యాపార రహస్యమైంది. పదో తరగతిలోనే టాలెంటు టెస్టు పెట్టి, మెరుగైన పిల్లలకు ఫీజు తగ్గించి లాక్కుపోతారు. మిగతా వేలమంది దగ్గర పూర్తి ఫీజు వసూలు చేస్తారు. ఆ కొద్దిమంది బొమ్మలు చౌరస్తాలో ఫ్లెక్సీలెక్కుతాయి. ఆ బొమ్మలు చూసి చిట్టీ పాడి, ఫైనాన్సు అప్పు తెచ్చి మా కార్మికుడు తన పిల్లవాణ్ణి పంపుతాడు. అతని పిల్లవాడు బొమ్మ కావటానికి పోవటం లేదు, బొమ్మల ఖర్చు భరించటానికి పోతున్నాడు.

ఆ ఫ్లెక్సీల మీద ఇంకో మోసం వుంటుంది. "98!" అని పెద్దక్షరాలు. అది మార్కుల శాతం కాదు, పర్సంటైల్. జేఈఈ మెయిన్ 2019 నుంచి ఫలితాన్ని అట్లా ఇస్తున్నది: నీతో సమానంగానో నీకంటే తక్కువగానో వచ్చినవాళ్లు నూటికెంతమంది అన్నదే ఆ అంకె. పది లక్షలమంది రాస్తే 90 పర్సంటైల్ అంటే నీ ముందు లక్షమంది వున్నారన్నమాట. 2024లో అడ్వాన్స్‌డ్ పరీక్షకు పోవటానికి జనరల్ కేటగిరీలో గీత 93.2 దగ్గర పడింది. ఐఐటీలన్నిటిలో సీట్లు 17,740. "మా వాడికి 85 వచ్చినయి సార్, ఐఐటీ రాదా?" అని అడిగే తండ్రికి ఇది విడమరిచి చెప్పటం కన్నా బాధాకరమైన పాఠం నేను చెప్పలేదు.

ఇక్కడ మన మిత్రులతో ఒక తగువు తీర్చుకోవాలి. 2018 నుంచి ఎంసెట్ కంప్యూటరు మీద, కొన్ని రోజులు, కొన్ని విడతలుగా జరుగుతున్నది. ఒక విడత ప్రశ్నలు కష్టం, ఇంకో విడతవి తేలిక కావచ్చు గనక మార్కులను సరిచేస్తారు. దాన్ని నార్మలైజేషన్ అంటున్నారు. ఏటా ఫలితాలు రాగానే విద్యార్థి నాయకులు కొందరు "మార్కులు కోశారు, ఇది కుట్ర" అని ప్రకటన ఇస్తారు. ఇది కుట్ర కాదు, లెక్క. నీ విడత సగటుకు ఆ విడత ప్రామాణిక విచలనం కలుపుతారు. మొత్తం విడతలన్నిటికీ అట్లాగే కలుపుతారు. ప్రతి వెయ్యిమందిలో పైనున్న ఒక్కరి చొప్పున తీసి వాళ్ల సగటు చూస్తారు, విడతకొకటి, మొత్తానికొకటి. ఈ గుర్తుల మీదుగా నీ విడత కొలబద్దను మొత్తం కొలబద్ద మీదికి సాగదీస్తారు. వేలమందిని ఏ వరుసా లేకుండా విడతలకు పంచితే విడతల మధ్య తెలివిలో పెద్ద తేడా వుండదన్నది దీని ఆధారం. అది అన్యాయమైన ఊహ కాదు. దీన్ని కుట్ర అనేవాళ్లు రెండు అపకారాలు చేస్తున్నారు. గణితం చదివే పిల్లల ముందు నవ్వులపాలవుతున్నారు; అసలు దోపిడీ జరిగే చోటి నుంచి జనం చూపు మళ్లిస్తున్నారు.

అసలు చోటు మార్కులు ఇచ్చే దగ్గర లేదు, మార్కులు వాడే దగ్గర వున్నది. ఫలితం వచ్చాక ర్యాంకు కార్డు మీద వున్న ఆ ఒక్క అంకెకు ప్రభుత్వం అప్పజెప్పిన పనులేమిటి? ఒకటి, సీటు పంచటం. అది అర్థమవుతుంది, సీట్లు కొన్నే వున్నప్పుడు ఏదో వరుస కావాలి. రెండోది, ఫీజు ఎవరు కట్టాలో నిర్ణయించటం. ఈ రెండోదాన్ని గురించి మన పత్రికల్లో ఒక్క వ్యాసం నేను చదవలేదు.

2008 ప్రాంతంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు పథకానికి 2012లో ఒక గీత గీశారు. తెలంగాణ వచ్చాక కూడా దాన్ని చెరపలేదు. ఎస్సీ, ఎస్టీలకూ మరికొన్ని తరగతులవాళ్లకూ అది వర్తించదు. తక్కిన బీసీ, పేద విద్యార్థులకు లెక్క ఇది: ర్యాంకు పదివేల లోపలైతే కళాశాల ఫీజు ఎంతైనా ప్రభుత్వమే పూర్తిగా కడుతుంది. పదివేలు దాటితే ఏడాదికి 35 వేలు మాత్రమే. మిగతాది తండ్రి కట్టుకోవాలి. పథకం వర్తించటానికి పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షలు మించకూడదు. రెండు లక్షలు మించని ఇంట్లో మిగతాది ఎక్కడిది?

పేరున్న కళాశాలల్లో ఫీజు ఏడాదికి లక్షన్నర దాటినవి వున్నాయి. లక్షన్నరే అనుకుందాం. పదివేలో ర్యాంకువాడి తండ్రి కట్టేది సున్నా. పదివేల ఒకటో ర్యాంకువాడి తండ్రి కట్టేది ఏడాదికి లక్షా పదిహేను వేలు, నాలుగేళ్లకు 4,60,000. ఒక్క ర్యాంకు తేడా ధర ఇది.

ఈ ఒక్క ర్యాంకులో గణితం ఎంత? లెక్క కడదాం. రెండు లక్షలమందిని 160 మార్కుల మీద పరిస్తే ఒక్కొక్క మార్కు మీద సగటున 1,250 మంది పడతారు. కొసల్లో పలుచన, నడుమ దట్టం. పదివేల దగ్గర కొంత పలుచనే అయినా అక్కడ కూడా ఒక మార్కు తేడాలో వందలమంది వుంటారు. ఇప్పుడు ఒక పిల్లవాడికి 70 ప్రశ్నలకు జవాబు నిశ్చయంగా తెలుసుననుకోండి. మిగతా 90 గుడ్డిగా నొక్కుతాడు, కోత లేదు గనక నొక్కనివాడు వెర్రివాడు. సగటున 22 లేక 23 తగులుతాయి. కానీ సగటు దగ్గరే ఆగుతాయని ఎవడు చెప్పాడు? ప్రామాణిక విచలనం నాలుగు మార్కుల పైచిలుకు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకడు నాలుగు మార్కులకు మించి పైకో కిందికో పోతాడు. సరిగ్గా ఒకే గణితం తెలిసిన ఇద్దరు పిల్లల మధ్య, కేవలం వేలు ఎక్కడ పడిందన్న దాన్నిబట్టి, ఎనిమిది మార్కుల ఎడం రావటం వింత కాదు. మార్కుకు వందలమంది అంటే ఎనిమిది మార్కులకు వేల ర్యాంకులు. ఇదంతా నా కల్పన కాదు, ఇంటర్ రెండో సంవత్సరం 2ఎ పుస్తకంలో ద్విపద విభాజనం అని వున్న పాఠమే. ఏ పాఠం చదివి ఈ పరీక్ష రాయమంటున్నారో ఆ పాఠమే ఈ పరీక్ష అంత సన్నగా కొలవలేదని సాక్ష్యం చెబుతున్నది. మూరకట్టతో వెంట్రుక మందం కొలిచి, ఆ కొలత మీద నాలుగున్నర లక్షలు ఇవ్వటమా ఎగ్గొట్టటమా అని తేల్చుతున్నారు.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి వుండేది. తండ్రి ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడిపేవాడు. ర్యాంకు పదివేల మూడువందల చిల్లర వచ్చింది. ఆయన వచ్చి, "సార్, మూడొందల మందే గదా ముంగట. గా మూడొందల మందికి తెలిసి మా పిల్లకు తెల్వనిది ఏమున్నది?" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పాను. "మరి పైసలెందుకియ్యరు?" అన్నాడు. ఆమె అనుకున్న కళాశాలను వదులుకుని, ఫీజు 35 వేలకు దగ్గరగా వున్నదేదో వెతుక్కుని చేరింది. తర్వాత ఎవరైనా ఆమె చదివిన కళాశాల పేరు చూసి, "మంచి ర్యాంకు రాలేదు కాబోలు" అనుకుంటారు. ర్యాంకు ఆపలేదామెను. ర్యాంకు పేరు చెప్పి ఖజానా ఆపింది.

మా పట్టణంలో ఈ గీతకు ఇంకో చిత్రం వున్నది. పర్మనెంటు కార్మికుడి జీతం రెండు లక్షలు దాటుతుంది గనక అతని పిల్లవాడికి పథకమే లేదు. పదివేల లోపల వచ్చినా పూర్తి ఫీజు అతనే కట్టాలి. కాంట్రాక్టు కార్మికుడి పిల్లవాడికి పథకం వుంది, గీత కూడా వుంది. ఒకే గనిలో పనిచేసే ఇద్దరూ ఒకరి పిల్లల్ని చూసి ఒకరు కుళ్లుకుంటారు. "మాకేమీ రాదు, వాళ్లకే అన్నీ" అని రెండు వైపులా విన్నాను. కార్మిక సంఘాలు వేతన ఒప్పందాల్లో ఎన్నో అంశాలు పెట్టాయి. ఈ చీలికను గురించి ఒక్కటిగా మాట్లాడటానికి ఇంకా పూనుకోలేదు.

గీతకు అవతల మరో గుమ్మం వుంది, దానికి ర్యాంకు అడ్డమే కాదు. ప్రైవేటు కళాశాలల్లో సీట్లలో నూటికి 70 కన్వీనరు పంచుతాడు, 30 యాజమాన్యం. ఆ ముప్పైకి కూడా ప్రతిభ వరుస పాటించాలని నియమాలు చెబుతాయి. ఆ సీట్లు ఎట్లా నిండుతాయో హైదరాబాదులో ఏ ఆటోవాలానైనా అడగండి. 1983లో చట్టం ఏ సంచిని బయటికి పంపిందో అది యాజమాన్య కోటా పేరుతో లోపల కూర్చున్నది. అంటే ర్యాంకు నియమం ఎవరికి? డబ్బు లేనివాడికి. ఉన్నవాడికి అది మర్యాదకు రాసే పరీక్ష. పోనీ గీతకు ఇవతల వున్నవాళ్లకైనా ప్రభుత్వం సకాలంలో కడుతున్నదా? 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు యాజమాన్యాలు కళాశాలలు మూసేసి బందు చేశాయి.

"విమర్శ బాగానే వుంది, ఇంతకీ పరీక్ష వద్దంటావా?" అని అడిగే మిత్రులుంటారు. వద్దనటం పరిష్కారమని నేననుకోవటం లేదు. తమిళనాడు 2007 నుంచి ఇంజినీరింగు ప్రవేశ పరీక్షను తీసేసి పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లిస్తున్నది. గ్రామాల పిల్లలకు మేలు జరుగుతుందన్నారు. మార్కులు పండించే ప్రైవేటు బడులు అక్కడా వున్నాయి గనక, 2021లో ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు విడిగా 7.5 శాతం సీట్లు కేటాయించవలసి వచ్చింది. తేల్చవలసింది పరీక్షా, మార్కులా అన్నది కాదు. ఎవడు ఎక్కడ నిలబడి ఆ మార్కు తెచ్చుకున్నాడో లెక్కలోకి తీసుకుంటామా లేదా అన్నది. ఇదేమీ మన దగ్గర ఎరగని సంగతి కాదు. మన గోదావరి ఒడ్డునే, బాసరలో ఐఐటీ రావాలని ఆందోళన జరిగింది. ఐఐటీ మెదక్ జిల్లాకు పోయింది. బాసరకు 2008లో వచ్చింది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. అందులో ప్రవేశ పరీక్ష పెట్టలేదు. పదో తరగతి గ్రేడు సగటుకు, ప్రభుత్వ బడిలో చదివినవాడైతే 0.4 కలిపారు. కలపటాన్ని ఎవరూ ప్రతిభకు ద్రోహం అనలేదు. ఆ పిల్లలు చదివి ఇంజినీర్లయ్యారు. మరి ఎప్‌సెట్ ర్యాంకు దగ్గరికి వచ్చేసరికి అదే ప్రభుత్వం, అదే ప్రతిభ పేరు చెప్పి, సందు లేని గోడ ఎందుకు కడుతుంది?

ఎందుకంటే ర్యాంకు ఖజానాకు సౌకర్యం. "నీకు డబ్బు ఇవ్వం" అని పేదవాడితో చెప్పటం ఏ ప్రభుత్వానికైనా కష్టం. "నీ ర్యాంకు చాలదు" అని చెప్పటం తేలిక. అప్పుడు పేదవాడు ప్రభుత్వాన్ని తిట్టడు, ఇంటికి పోయి పిల్లవాణ్ణి తిడతాడు.

గణితానికి జరిగిందీ చిన్న అపకారం కాదు. 80 ప్రశ్నలతో గణితానికి సింహాసనం వేసిన పరీక్ష ఇది. దాన్ని నెగ్గినవాళ్లలో గణితం చదవటానికి పోయేవాళ్లెందరు? మా పిల్లల్లో ఒక్కడికైనా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పేరు తెలియదు. అక్కడ గణితం చదవటానికి వేరే పరీక్ష వున్నదనీ, అందులో నిరూపణలు రాయాలనీ చెబితే "దానికి ప్యాకేజీ ఎంత సార్" అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు ఆ సంస్థలోనే ప్రపంచం మెచ్చిన పని చేశాడు. సెంటినరీ కాలనీ దగ్గర, బొగ్గు గనుల మధ్యనే, 2010లో పెట్టిన జేఎన్టీయూ కళాశాల వుంది, మైనింగు శాఖ కూడా వుంది. మా పిల్లలు దాన్ని చివరి ఆప్షనుగా పెడతారు. వాళ్లను ఏమనగలం? తండ్రి గనిలోంచి ఎట్లా వస్తాడో రోజూ చూస్తున్నవాళ్లు.

ఈ ఏడాది కౌన్సెలింగుకు ముందు నేను మా పిల్లలకు రెండు పనులు చెబుతున్నాను. ఆప్షన్లు పెట్టేటప్పుడు కళాశాల పేరుతోపాటు ఫీజు గడి చూసి, అందులోంచి 35 వేలు తీసేసి, మిగిలింది నాలుగుతో హెచ్చవేసి తండ్రికి ముందే చూపించండి. సీటు వచ్చాక చూపిస్తే కొంప మునుగుతుంది. రెండోది విద్యార్థి సంఘాలకు కూడా చెబుతున్నాను. కుట్ర, కుట్ర అనటం మాని, ఏ మార్కు మీద ఎంతమంది పడ్డారో చూపే పట్టికను, విడతల వారీ సగటులతో సహా, ప్రకటించమని కన్వీనరును అడగండి. అది ఎవరి వ్యక్తిగత వివరమూ కాదు, దాచవలసిన రహస్యమూ కాదు. 2ఎ తరగతిలో పిల్లలకు నేనిచ్చిన లెక్క ఇది: 70 జవాబులు తెలిసి 90 గుడ్డిగా నొక్కిన విద్యార్థి ర్యాంకు పదివేల లోపల పడే సంభావ్యత ఎంత? మార్కుల సంభావ్యత దాకా పిల్లలు చేసి పెట్టారు. పట్టిక దొరికిన రోజు మిగతాది పూర్తి చేస్తారు.